బాకీ మాట

మంగళవారం రెండు గంటలకు మాటల క్లాసు.
కరెంటుంటే ఫ్యాను కింద, లేకుంటే వరండాలో.
ఇరవై ఇద్దరు పిల్లలు.
బీపీ చూడ్డం వచ్చేసింది,
కడుపు మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె వినడం వచ్చేసింది,
ఇంగ నోరు తెరవడం నేర్పాల.

చెరిపేదాంతోనే మొదలుపెడతాను.
"లేబర్ వార్డులో మీ చెవిన పడినవి చెప్పండి."
చాలాసేపు ఎవరూ చెప్పరు.
వెనక బెంచీలో హేమావతి, తల దించుకొని:
"అరవద్దు."
షంషాద్: "నువ్వొక్కదానివే కంటాండావా?"
ఇంకెవరో, గోడకు చెప్పినట్టు:
"మొగుడి పక్కన లేని నెప్పి ఇప్పుడొచ్చిందా?"

అన్నీ బోర్డు మీద రాస్తాను.
ఆ చివరిదాని దగ్గర నా చేయి ఆగుతుంది.
సుద్ద విరిగిందనుకుంటారు పిల్లలు.

తర్వాత నాటకం.
దిండు కట్టుకొని రెడ్డిరాణి బల్ల మీద పడుకుంటుంది, నవ్వులు.
"నువ్వు నగరి నుంచి వచ్చినావు, నీకు అరవం తప్ప రాదు" అంటాను.
పూర్ణిమ ముందుకొచ్చి చేతులు జోడిస్తుంది:
"నమస్కారమండీ, నా పేరు పూర్ణిమ,
మీ ప్రసవ సమయంలో నేను మీకు తోడ్పడతాను."
పుస్తకంలో ఉన్నట్టే, కామాతో సహా.
"వలిక్కుదమ్మా" అని మూలుగుతుంది రెడ్డిరాణి.
పూర్ణిమకు ఏం తోచక
మళ్ళీ నమస్కారం పెడుతుంది.

నవ్వు అయిపోయినాక చెబుతాను.
కేసు షీట్లో ఉన్నా సరే పేరు అడుగు,
అంత నెప్పిలో ఆమె పేరు ఆమె చెవికి వినబడాల.
చేయి వేసే ముందు ఎక్కడ వేస్తావో, ఎందుకో చెప్పు.
ఊఁ అనేదాకా ఆగు.
ఊఁ రాకపోతే, రాలేదనే అర్థం.
ఇంకెంతసేపని అడిగితే
"అయిపోయిందిలే" అని అబద్ధం చెప్పొద్దు.
తెలియదని చెప్పు, చెప్పి అక్కడే కూర్చో.

ఇంతవరకూ ప్రతి ఏడూ చెప్పేదే.
ఈ ఏడు ఎందుకో ఇంకొకటి చెప్పినాను.

పందొమ్మిదేండ్ల కిందట, జూన్ నెల,
చిత్తూరు రోడ్ల మీద తోతాపురి లారీలు బారులు తీరిన కాలం.
పల్ప్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చిందొకామె.
వేళ్ళకు మామిడి సొన కాల్చిన మచ్చలు,
గోళ్ళలో పసుపుపచ్చ గుజ్జు.
ఆ రాత్రి అది నా పదకొండో కాన్పు.
బోర్డు మీదున్న చివరి మాట చూపించి
"అది నేనే అన్నాను" అన్నాను.
ఆమె టక్కున నోరు మూసుకుంది.
నా మాట పనిచేసిందనుకున్నాను.

మగబిడ్డ, రెండు కిలోల తొమ్మిది వందలు.
రాత్రంతా ఆమెకు రక్తం పోతానే ఉంది.
పది అడుగుల దూరంలో నేను రిజిస్టరు రాసుకుంటా ఉండాను.
తెల్లారి ఊడ్చే మునెమ్మ చూసి కేక పెట్టింది.

బతికింది. మూడు సీసాలు ఎక్కించినాం.
"ఎందుకు పిలవలేదమ్మే?" అంటే
నా మొహం కూడా చూడకుండా
"అరవద్దంటిరి గదా" అనింది.

క్లాసులో ఫ్యాను చప్పుడొక్కటే.
బోర్డు చెరపడానికి ఎవరూ లేవలేదు.
నాలుగింటికి నేనే చెరిపినాను.
చేతికి అంటిన సుద్ద ఎంత కడిగినా సందుల్లో మిగిలింది.

మొన్న నైటు డ్యూటీ రౌండు, మూడు గంటలు.
కారిడార్ చివరిదాకా కేక.
సెక్యూరిటీ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడినాడు.
తలుపు సందులోంచి చూసినాను:
మంచం మీద నిజంగానే అరవం మాట్లాడే మనిషి.
పూర్ణిమకు అరవం ఇంకా రాదు.
చేయి ఆమె చేతికిచ్చేసింది,
ఆమె పిసికితే పిసకనీ అని.
"అరువుమే, బాగా అరువు, నేనీడనే ఉండా."

అరువు అంటే కేక పెట్టమని.
అరువు అంటే అప్పు కూడా.
నాకు రెండూ వినపడినాయి.

లోపలికి పోలేదు.
చార్టులో నాలుగు గంటలకోసారి రాయాల్సిన టైము
రెండు సార్లు వదిలేసింది పూర్ణిమ.
పొద్దున అడగాల.
ఎట్ల అడగాలో ఆలోచిస్తా
మెట్లు దిగినాను.